బాలిక్‌పాపన్ నుంచి సింగపూర్‌కు రెండుంబావు గంటలు

2005 జూన్‌లో మా బొగ్గు కంపెనీవాళ్లు నన్ను గోదావరిఖనిలోని స్టోర్స్ డిపో నుంచి సెంటినరీ కాలనీ దగ్గరి ఏరియా స్టోర్స్‌కు సీనియర్ స్టోర్స్ ఆఫీసరుగా బదిలీ చేశారు. గోదావరిఖనిలో ఉన్న తొమ్మిదేళ్లూ భూగర్భ గనులకు కావలసిన సామాను చూసుకున్నాను. బోల్టులు, బెల్టులు, కేబుళ్లు, క్యాప్ ల్యాంపులు, చాలావరకు ఒక మనిషి భుజాన మోయగలిగినవే. ఇక్కడ ఓపెన్‌కాస్టు, అంటే నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే గని. బొగ్గూ మట్టీ మోసే డంపరు టైరు ఒక్కటే నాకంటే ఎత్తు. మొదటి రోజు స్టోర్స్ యార్డులో నిలబడి ఆ టైర్ల వరుసను చూస్తూ చాలాసేపు ఉండిపోయాను.

స్టోర్స్ ఆఫీసరు పని బయటివాళ్లకు పెద్దగా తెలియదు. గనిలో యంత్రం పాడైతే ఇంజినీర్లు ఫలానా భాగం కావాలని ఇండెంటు రాస్తారు. ఆ భాగం మా దగ్గర ఉంటే సంతకం తీసుకుని ఇస్తాం, లేకపోతే తెప్పిస్తాం. మామూలు ఇండెంటుకు నెలలు పట్టవచ్చు. యంత్రం నిలిచిపోయినప్పుడు రాసేదాన్ని బ్రేక్‌డౌన్ ఇండెంటు అంటారు. దాని మీద ఎర్ర సిరాతో గీత గీస్తారు. ఆ ఎర్ర గీత బల్ల మీదికి వచ్చిందంటే మిగతా కాగితాలన్నీ పక్కకు పోవాల్సిందే.

2006 జూలైలో ఒక సోమవారం అలాంటి కాగితమే వచ్చింది. తెచ్చింది ప్యూను కాదు. ప్రాజెక్ట్ ఇంజినీరు రంగారావు గారు స్వయంగా తెచ్చారు. ఓపెన్‌కాస్టులోని యంత్రాలన్నిటికీ బాధ్యత ఆయనదే. వరంగల్ మనిషి, తొందరగా గొంతు పెంచరు. ఆ రోజు కూడా మెల్లగానే చెప్పారు.

"క్వారీ అడుగున పెద్ద షావెల్ నిలబడిపోయిందమ్మా. తవ్వుతది, తిరుగుతది. కానీ నడుస్తలేదు."

షావెల్ అంటే బొగ్గునూ మట్టినీ తవ్వి డంపర్లలో పోసే యంత్రం. దాని కింది భాగం రెండు ఇనుప చైన్ల మీద నడుస్తుంది. ఆపరేటరు క్యాబిన్, ఇంజను, తొండం ఉన్న పై భాగం గుండ్రంగా తిరుగుతుంది. చైన్లను నడిపే నూనె పై నుంచి కిందికి రావాలి. పై భాగం తిరుగుతూ ఉంటుంది కాబట్టి మామూలు గొట్టాలు పెడితే మెలిపడి తెగిపోతాయి. అందుకని మధ్యలో, పై భాగం ఎటు తిరిగినా నూనెను కిందికి పంపే సెంటర్ జాయింట్ ఉంటుంది. దానిలో పలుచటి వలయాల్లాంటి సీళ్లు నూనెను కారకుండా పట్టి ఉంచుతాయి. మా షావెల్‌కు ఆ సీళ్లు చిరిగిపోయాయి. చైన్లకు నూనె ఒత్తిడి అందడం లేదు.

క్వారీని మెట్లుమెట్లుగా తవ్వుతారు, ఒక్కో మెట్టు ఒక బెంచ్. యంత్రం పై బెంచ్ మీద ఆగి ఉంటే పదిహేను రోజులు ఆగినా కొంపలు మునిగేవి కావు. ఇది అట్టడుగు బెంచ్ మీద, నీళ్లు చేరే సంప్‌కు అరవై అడుగుల దూరంలో ఉంది. వానలు మొదలైపోయాయి. పంపులన్నీ ఆడుతున్నా నీటిమట్టం పెరుగుతూనే ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ సీల్ కిట్ ఒకటి ముందుజాగ్రత్తగా స్టోర్స్‌లో ఉంచమని మార్చిలో ఒక ఇండెంటు వచ్చింది. అవసరం ఏమిటో వివరించే నోట్ జత చేయలేదని దాన్ని నేనే వెనక్కి పంపాను. నిబంధన ప్రకారం అది సరైన పనే. రంగారావు గారు ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆ సాయంత్రం హెల్మెట్, గంబూట్లు వేసుకుని క్వారీలోకి దిగాను. షావెల్ దగ్గర ఆపరేటరు కొమురయ్య ఉన్నాడు. యాభై దాటిన మనిషి, మంథని పక్క పల్లె. ఆ యంత్రం వచ్చిన నాటి నుంచీ దాని మీదే డ్యూటీ. తన షిఫ్టు అయిపోయి నాలుగు గంటలైనా ఇంటికి పోలేదు. ఒక వెదురు బొంగుకు జానెడు జానెడు దూరంలో తెల్లరంగు గీతలు పెట్టి, సంప్ ఒడ్డున పాతాడు.

"పొద్దున రెండో గీత కాడ ఉండె మేడం. ఇప్పుడు మూడు దాటింది. ఏడో గీతకు వస్తె నీళ్లు చైన్ల కిందికి వస్తయి. తర్వాత అడుగు మెత్తబడుతది. గింత బరువు ఆగుతదా? కూరుకుపోతది."

"ఎన్ని రోజులు?" అని అడిగాను.

"వాన ఆగితె ఫికర్ లేదు. ఆగకపోతె శుక్రారం."

మంగళవారమంతా రంగారావు గారి మనుషులు తమకు చేతనైనదంతా చేశారు. హైదరాబాద్‌లో చేయించిన సీళ్లు వేసి చూశారు. అవి పది నిమిషాలు కూడా ఒత్తిడికి ఆగలేదు. రెండు బుల్‌డోజర్లు కట్టి లాగించారు. ఇనుప తాడు పటుక్కున తెగి ఒక డోజరు అద్దం పగిలింది, అదృష్టం కొద్దీ ఎవరికీ తగల్లేదు. ఆ తర్వాత లాగే ప్రయత్నం మానేశారు. నేను ఆ రోజంతా ఫోన్ దగ్గరే కూర్చున్నాను. అదే రకం షావెల్ ఉన్న ఇతర రాష్ట్రాల గనులన్నిటికీ ఫోన్ చేశాను. ఎవరి దగ్గరా కిట్ లేదు. యంత్రం అమ్మిన కంపెనీవాళ్లు బుధవారం ఉదయం జవాబు చెప్పారు. అన్నిటికంటే దగ్గరలో ఉన్న కిట్ ఇండోనేషియాలోని బాలిక్‌పాపన్ అనే ఊళ్లో, వాళ్ల డిపోలో ఉందట.

ఆ ఊరి పేరు నేను వినడం అదే మొదలు. బోర్నియో దీవి తూర్పు తీరంలో ఉంటుంది, అక్కడా మనలాగే బొగ్గు గనులు, మనలాగే షావెళ్లు. ఇంకో మంచి మాట కూడా చెప్పారు. వాళ్ల సర్వీస్ ఇంజినీరు జోసెఫ్ ఆ సమయంలో అక్కడే డ్యూటీలో ఉన్నాడు. కాజీపేట అతను. మా షావెల్‌ను మొదట బిగించిన బృందంలో అతనూ ఉన్నాడు. కిట్‌ను సరుకుగా పంపితే వారం పడుతుంది. జోసెఫే చేతిలో పట్టుకుని వస్తే, తెచ్చేదీ అతనే, బిగించేదీ అతనే.

ఇక ఎలా రావాలన్నదే మిగిలింది. సింగపూర్ నుంచి హైదరాబాద్‌కు అప్పట్లో వారానికి మూడు రోజులే విమానం. గురువారం సాయంత్రం 8:10కి ఒకటి ఉంది. అది తప్పితే మళ్లీ ఆదివారమే. కొమురయ్య బొంగు లెక్కలో ఆదివారం అంటే ఏమిటో అందరికీ తెలుసు.

హైదరాబాద్‌లో మా ఆఫీసుకు టికెట్లు చేసే ఏజెంటు సాయంత్రం నాలుగింటికి ఫ్యాక్స్ పంపాడు. అందులో దారి ఇలా ఉంది. గురువారం మధ్యాహ్నం 1:30కి బాలిక్‌పాపన్‌లో బయలుదేరి 2:35కు జకార్తా. జకార్తాలో 5:15కు ఇంకో కంపెనీ విమానం, ప్రయాణం గంటా నలభై ఐదు నిమిషాలు, ఏడింటికి సింగపూర్. అక్కడి నుంచి 8:10కి హైదరాబాద్. కింద చేత్తో ఒక గమనిక కూడా రాశాడు, జకార్తా సమయం మనకంటే గంటన్నర ముందు అని. కాగితం చూసి రంగారావు గారు మూడు రోజుల్లో మొదటిసారి నవ్వారు. నేను ఫ్యాక్స్ కాపీని బ్యాగులో పెట్టుకుని క్వార్టరుకు వచ్చాను.

మా ఆయన కంపెనీ స్కూల్లో సోషల్ టీచరు. మ్యాపు కనిపిస్తే చాలు, అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోరు. బాలిక్‌పాపన్ పేరు చెప్పగానే అట్లాసు తెచ్చి ఆసియా పటం తెరిచారు. ఊరు దొరికాక, నా కుట్టు డబ్బాలోంచి నల్ల దారం తీశారు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి దారం పెట్టి కొలిచి, అక్కడ గోటితో నొక్కి పట్టుకున్నారు.

"ఇది పన్నెండు వందల యాభై కిలోమీటర్లు. విమానంల రెండు గంటలు. మన హెడ్మాస్టరు పోయి వచ్చిండు కదా, ఆయనే చెప్పిండు," అన్నారు.

అదే దారాన్ని బాలిక్‌పాపన్ నుంచి జకార్తాకు పెట్టారు. ఇంచుమించు సరిగ్గా సరిపోయింది.

"మీ కాగితంల ఎంత రాసిన్రు?"

"ఒకటిన్నరకు బయలుదేరి రెండూ ముప్పై ఐదుకు చేరుతది. గంటా ఐదు నిమిషాలు."

"ఢిల్లీ అంత దూరం గంటల ఎట్ల పోతది? విమానమా, రాకెట్టా?"

ముందు నవ్వాను. ఆయన నవ్వలేదు. దారం మళ్లీ పెట్టి చూశారు. అంతే వచ్చింది. నేను ఫ్యాక్స్ తీసి మళ్లీ చదివాను. అచ్చులో తప్పు పడి ఉంటుందని మొదట అనుకున్నాను. తప్పు కాకపోతే ఇంకొకటే మిగులుతుంది. విమానం రెండు గంటలు ఎగురుతుంది, కానీ జకార్తాలో దిగేసరికి అక్కడి గడియారం ఒక గంట వెనక ఉంటుంది. ఒకే దేశంలో రెండు సమయాలు ఉంటాయా అని మా ఆయనను అడిగాను.

"ఉంటయి. తూర్పు నుంచి పడమరకు గంత పొడుగు దేశం. ఉండాలె."

అప్పుడు రెండో లైను మీద నా చూపు పడింది. మొదటి విమానానికి ఏజెంటు రెండు సమయాలూ టైంటేబుల్ చూసి రాశాడు, కాబట్టి అవి ఏ ఊరివి ఆ ఊరికి సరిగ్గానే ఉన్నాయి. రెండో విమానం వేరే కంపెనీది. దానికి బయలుదేరే సమయం ఒక్కటే ఇచ్చి, ప్రయాణకాలం గంటా నలభై ఐదు అని రాశాడు. 5:15కు అది కలిపి ఏడు చేశాడు. ఆ ఏడు జకార్తా గడియారంలో ఏడు. సింగపూర్ గడియారంలో ఎంత?

నాకు తెలిసి సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడి సప్లయరుకు ఫోన్ చేయాల్సి వచ్చినప్పుడల్లా ఆ లెక్క చూసుకునేదాన్ని. జకార్తా గంటన్నరే ముందని ఏజెంటే రాశాడు. అంటే సింగపూర్, జకార్తాకు ఒక గంట ముందు. అయితే జోసెఫ్ సింగపూర్‌లో దిగేది ఏడింటికి కాదు, ఎనిమిదింటికి. హైదరాబాద్ విమానం 8:10కి. విమానం దిగి, ఇంకో గేటు వెతుక్కుని పరుగెత్తేసరికి ఆ తలుపులు మూసేసి ఉంటారు.

ఆ కూడిక ఆయనకు చూపించాను. మా ఆయన దారం చేతిలోనే పట్టుకుని, "జోసెఫ్‌కు ఫోన్ చెయ్యి. ఇప్పుడక్కడ టైమెంతో అడుగు. తేలిపోతది," అన్నారు.

ఇంట్లో ఫోన్‌కు ఐఎస్‌డీ లేదు. వానలో గొడుగు పట్టుకుని, అట్లాసు చంకలో పెట్టుకుని షాపింగ్ సెంటర్ దగ్గరి బూత్‌కు ఇద్దరం దాదాపు పరుగెత్తాం. నా గడియారంలో సరిగ్గా ఏడు. మూడోసారికి జోసెఫ్ ఎత్తాడు.

"చెప్పండి మేడం, పడుకుందామనుకుంటున్న."

"జోసెఫ్, నీ దగ్గర ఇప్పుడు టైమెంత?"

"ఏందీ?"

"టైమయ్యా, టైము. గడియారం చూసి చెప్పు."

"తొమ్మిదిన్నర మేడం."

రెండున్నర గంటలు ముందు. సింగపూర్ ఎంతో బాలిక్‌పాపన్ కూడా అంతే. జకార్తా ఒక్కటే గంట వెనక. దారం చెప్పింది నిజమే.

నేను గబగబా విషయం చెప్పాను. జోసెఫ్ మొత్తం విన్నాడు. తర్వాత, "నేను జకార్తా మీదికెళ్లి ఎప్పుడు పోలే మేడం. ఇక్కడికి వచ్చినప్పుడు సింగపూర్ నుంచి డైరెక్ట్ వచ్చిన. రెండు గంటలు దాటింది, ఎక్కువ పట్టలే," అన్నాడు.

"ఆ డైరెక్ట్ రేపున్నదా?"

"ఉన్నది. పన్నెండున్నరకు. కానీ నేనుండేది ఊళ్లె కాదు మేడం, అఖాతం అవతలి ఒడ్డుకు, డిపో క్యాంపుల. కిట్ స్టోర్స్‌ల తాళమేసి ఉన్నది. పొద్దున ఎనిమిదింటికి మేనేజరు వచ్చి సంతకం పెడితెనే గేటు దాటనిస్తరు. అటెంక ఫెర్రీ. ఫెర్రీ కాడ లైను ఎంతుంటదో దేవునికెరుక. అందుకనే ఏజెంటు ఒకటిన్నరది చేసిండు."

పన్నెండున్నర విమానం దొరికితే 2:45కు సింగపూర్. మా ఆయన దారం ఆ దూరాన్ని ఢిల్లీ కంటే కొంచెం ఎక్కువగా చూపించింది, పద్నాలుగు వందల అరవై, డెబ్బై కిలోమీటర్లు. రెండుంబావు గంటల ప్రయాణం, రెండు ఊళ్లకూ ఒకే గడియారం. ఎటు నుంచి కూడినా లెక్క మారదు. సింగపూర్‌లో అయిదు గంటలకు పైగా వ్యవధి. కానీ ఫెర్రీ దగ్గర ఆలస్యమైతే ఆ విమానమూ పోతుంది, ఒకటిన్నర టికెట్ అప్పటికే రద్దయి ఉంటుంది.

"నువ్వు అందుకోగలవా జోసెఫ్?"

"మీరు టికెట్ చేయించుండ్రి మేడం. నేను ఎట్లనన్న వస్త."

బూత్ నుంచి అలాగే రంగారావు గారి క్వార్టరుకు వెళ్లాం. ఆయన వరండాలోనే ఉన్నారు, వాన వైపు చూస్తూ. నేను కాగితం మీద రెండు దార్లూ రాసి, ప్రతి సమయం పక్కనా మన సమయం కూడా వేసి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి ఏజెంటు ఇంటికి ఫోన్ చేశారు. అవతలి గొంతు నాకు వినపడుతూనే ఉంది. పదిహేనేళ్లుగా ఈ పనే చేస్తున్నామని, స్టోర్స్ మేడం విమానం ఎక్కని మనిషని, చివరి నిమిషంలో మారిస్తే తన బాధ్యత ఉండదని అతను అన్నాడు. విమానం ఎక్కలేదన్న మాట నిజమే. అప్పటికి నేను విమానాన్ని దగ్గర నుంచి చూడను కూడా లేదు.

రంగారావు గారు ఫోన్‌ను అరచేత్తో మూసి నా వైపు చూశారు.

"పక్కానా అమ్మా?"

"పక్కా సార్. ఆ ఏడు సింగపూర్ ఏడు కాదు, జకార్తా ఏడు. కావాలంటే నా పేరు మీద రాయండి."

ఆయన ఫోన్‌లో "మార్చండి" అని ఒక్క మాట అన్నారు. అరగంటకు ఏజెంటు తిరిగి చేశాడు. సీటు దొరికిందని, జోసెఫ్ బాలిక్‌పాపన్ విమానాశ్రయం కౌంటర్‌లో టికెట్ తీసుకోవాలని చెప్పాడు. ఆ మాట జోసెఫ్‌కు చేరవేసి ఇంటికి వెళ్లాను.

గురువారం ఉదయం ఏడింటికే ఆఫీసుకు వచ్చాను. బల్ల మీద రెండు గడియారాలు పెట్టుకున్నాను. ఒకటి నాది, రెండోది మా ఆయన చేతిది, బాలిక్‌పాపన్ సమయానికి తిప్పినది. అక్కడి పన్నెండున్నర అంటే ఇక్కడ పది. కౌంటరు ముప్పావుగంట ముందు మూసేస్తారు, అంటే మనకు తొమ్మిదీ పదిహేను. విమానాశ్రయం చేరగానే ఫోన్ చేస్తానని జోసెఫ్ మాట ఇచ్చాడు.

ఎనిమిదయింది. వైర్‌లెస్‌లో క్వారీ నుంచి కొమురయ్య గొంతు వచ్చింది. "ఐదో గీత మునిగింది మేడం. ఏమన్న తెలిసిందా?" ఇంకా లేదన్నాను. ఎనిమిదిన్నరకు జోసెఫ్ మొబైల్‌కు చేయించాం. స్విచాఫ్. తొమ్మిది. మళ్లీ స్విచాఫ్. రంగారావు గారు వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నారు. తొమ్మిదీ పదిహేను దాటింది. ఇరవై. నా పేరు మీద రాయండి అన్నందుకు ఇప్పుడు రాస్తారు కాబోలు అనుకున్నాను. మార్చిలో వెనక్కి పంపిన ఇండెంటు, రాత్రి మార్పించిన టికెట్, రెండూ నా ఖాతాలోవే.

తొమ్మిదీ ముప్పై ఐదుకు ఫోన్ మోగింది. నేను ఎత్తేలోపు రంగారావు గారు ఎత్తి నా చేతికిచ్చారు.

"మేడం, జోసెఫ్‌ను! బోర్డింగ్ పాస్ చేతుల ఉన్నది. కిట్ సంకల ఉన్నది!"

వెనక ఏవో ప్రకటనలు, జనం చప్పుడు. అతను ఎగశ్వాసతో చెప్పుకుపోయాడు. ఫెర్రీ దగ్గర లారీలు మైలు పొడుగున ఆగి ఉన్నాయట. జీపును అక్కడే డ్రైవరుకు వదిలేసి, కిట్ పెట్టెను లుంగీతో వీపుకు కట్టుకుని, చేపలవాళ్ల చిన్న పడవ ఎక్కాడట. అలలకు మొబైల్ తడిసి ఆగిపోయిందట. కౌంటరు మూసే నిమిషంలో చేరితే, అక్కడి అమ్మాయి అతని బట్టలు చూసి ముందు టికెట్ ఇవ్వనన్నదట.

"విమానానికి పిలుస్తున్నరు, పోతున్న మేడం!"

ఫోన్ పెట్టేశాక నేనూ రంగారావు గారూ ఒకరినొకరు చూసుకుని గట్టిగా నవ్వేశాం. గుమాస్తాలు తలలు తిప్పి చూశారు. వైర్‌లెస్ తీసి, "కొమురయ్యా, బయలుదేరిండు!" అని అరిచాను. అవతల నుంచి ఒక్కడి గొంతు కాదు, పది గొంతులు వినిపించాయి.

పది నుంచి పన్నెండుంబావు దాకా నేను ఏ ఫైలు చూశానో నాకు గుర్తులేదు. ఆ రెండుంబావు గంటలూ నా మనసు సముద్రం మీదే ఉంది. పన్నెండున్నరకు సింగపూర్ నుంచి యంత్రం అమ్మిన కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. విమానం సమయానికి దిగింది.

బేగంపేట విమానాశ్రయంలో మా హైదరాబాద్ ఆఫీసు మనిషి కస్టమ్స్ కాగితాలతో సిద్ధంగా ఉన్నాడు. బయట మా జీపు ఉంది. శుక్రవారం ఫస్ట్ షిఫ్టు సైరనుకు ముందే జీపు క్వారీ గేటు దాటింది. నేను దిగేసరికి నీళ్లు ఏడో గీతకు నాలుగు వేళ్ల దూరంలో ఉన్నాయి. జోసెఫ్ ముఖం కూడా కడుక్కోకుండా యంత్రం కిందికి దూరాడు. టార్పాలిన్ కట్టి వాన ఆపారు. ఫిట్టర్లు మోకాళ్ల లోతు బురదలో నిలబడి ఒక్కో బోల్టూ అందించారు. మూడున్నర గంటల పని. చివరి గంటలో నీళ్లు ఏడో గీతను తాకాయి. ముందు చైను కింద మట్టి బుడగలు తీయడం మొదలుపెట్టింది.

జోసెఫ్ బయటికి వచ్చి, "కాకా, ఎక్కు," అన్నాడు.

కొమురయ్య చెప్పులు విప్పి క్యాబిన్ ఎక్కాడు. ఇంజను అందుకుంది. మొదట చైన్లు కదల్లేదు. లోపలి గాలి పోవాలి, ఆగమని జోసెఫ్ చేయి చూపించాడు. తర్వాత కుడి చైను ఒక్క పలక ముందుకు జరిగింది. ఎడమది జరిగింది. బురద చీల్చుకుంటూ అంత యంత్రమూ కదిలింది. జానెడు, మూరెడు, తర్వాత ఆగకుండా. డంపర్లు పైకెక్కే హాల్ రోడ్డు అంచుకు చేరి పైకి ఎక్కుతుంటే ఫిట్టర్లు టోపీలు గాల్లోకి విసిరారు. నేను గంబూటు బురదలో వదిలేసి ఒంటి కాలితో పక్కన పరుగెత్తానని తర్వాత వాళ్లు చెప్పి నవ్వారు. పై బెంచ్ మీద యంత్రం ఆపి కొమురయ్య కిందికి దిగాడు.

"మేడం, గిది ఇగ ఎటన్న పోతది. మీరు చెప్పుండ్రి, మంథని దాక నడిపిస్త," అన్నాడు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో భోజనం చేస్తూ జోసెఫ్ ఒక మాట చెప్పాడు. సింగపూర్‌లో తీరికగా కూర్చుని విమానాలు దిగే సమయాల బోర్డు చూశాడట. జకార్తా నుంచి వచ్చే ఆ 5:15 విమానం ఎదురుగా, ఎనిమిదీ మూడుకు దిగుతుందని పడిందట. అతను అది చూసిన ఏడున్నరకే హైదరాబాద్ విమానం ఎక్కమని పిలుస్తున్నారు. "ఆ బోర్డు చూస్తె ఒళ్లు జల్లుమన్నది మేడం," అన్నాడు.

నెల తిరగ్గానే నాకు ఒక మెమో వచ్చింది. ఆమోదించిన టికెట్‌ను రాతపూర్వక అనుమతి లేకుండా ఎందుకు మార్చవలసి వచ్చిందో వారంలోగా వివరించాలన్నది దాని సారాంశం. నేను అర పేజీ జవాబు రాశాను. రెండు దార్లకూ ఒక పట్టిక గీసి, ఊళ్ల మధ్య దూరం, ఎగిరే కాలం, బయలుదేరే ఊరి సమయం, చేరే ఊరి సమయం, మన సమయం విడివిడిగా వేశాను. అడిగినవాళ్లు తిరిగి ఏమీ రాయలేదు.

ఆ తర్వాత పదకొండేళ్లు ఉద్యోగం చేశాను. విదేశం నుంచి ఏ భాగం తెప్పించినా ఆ పట్టికే నింపించాను, నా కింద చేరిన ఆఫీసర్లకూ అదే నేర్పాను. టికెట్ మీద కనిపించే రెండు సమయాలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ప్రయాణకాలం రాదు. ప్రయాణకాలం దూరాన్ని బట్టి ఉంటుంది, గడియారం ఊరిని బట్టి ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు పంపిన కాగితమైనా కూడిక మళ్లీ చేసి చూడాలి. తప్పు కనిపిస్తే, చెబుతున్న మనిషి విమానం ఎక్కాడా లేదా అన్నది లెక్కలోకి రాదు.